కిడ్నీలు బాగున్నాయి.. మరి అదేంటి?

మా ఎ.కొండూరులో ఎవరికైనా నడుం నొప్పి అంటే చాలు, ఇంటిల్లిపాదికీ గుండెల్లో రాయి పడుతుంది. కిడ్నీలు పాడయ్యాయేమోనని. మా మండలంలోని తండాల్లో ఆ జబ్బు ఎన్ని కుటుంబాలను చితికిపోయేలా చేసిందో చూసినవాళ్లం. అక్షరం ముక్క రాని అవ్వలకు కూడా మా దగ్గర క్రియాటినిన్ అంటే ఏమిటో తెలుసు.

అందుకే నాన్న నడుం పట్టుకుని కూర్చున్నప్పుడు మాకు వేరే ఆలోచనే రాలేదు. ఆయనకు 72 ఏళ్లు. మామిడితోటే లోకం. మీసాలు రాకముందే అలవాటైన చుట్ట ఎన్నడూ నోరు వదల్లేదు. బీపీ ఉందని డాక్టరు ఎప్పుడో చెప్పినా, గుర్తొచ్చిన రోజే బిళ్ల. నెలరోజుల పాటు నొప్పి మాత్రలు మింగాడు. అవి ఎక్కువైతే కిడ్నీలకే చేటని తెలిసీ మేం పట్టించుకోలేదు. ఇక లాభం లేదని మైలవరం మీదుగా బెజవాడ తీసుకెళ్లాం.

స్కానింగ్ గదిలో డాక్టరు గారు పొట్టమీద జెల్లు రాసి చూస్తూ ‘కిడ్నీలు రెండూ బాగున్నాయి’ అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంకన్నకు మొక్కు కూడా మొక్కేసుకున్నాను. కానీ ఆయన చేయి బొడ్డు దగ్గర ఆగిపోయింది. మళ్లీ మళ్లీ అక్కడే చూస్తున్నారు.

‘పెద్దాయనా, చుట్ట కాలుస్తారా?’ అనడిగారు.

‘ఏదో రోజుకు నాలుగైదు బాబూ’ అన్నాడు నాన్న. నిజానికి పది దాటతాయి.

గుండె నుంచి కిందికి వచ్చే పెద్ద రక్తనాళాన్ని బృహద్ధమని అంటారు. పొట్ట దగ్గర దాని వెడల్పు మామూలుగా రెండు సెంటీమీటర్లు. మూడు దాటితే ఉబ్బు కిందే లెక్క. నాన్నకు 5.8 ఉంది! ‘పాత సైకిల్ ట్యూబులో అరిగిన చోట గాలికి బుడగలా లేస్తుంది చూడండి, అలాంటిదే ఇది. మగవాళ్లలో 5.5 దాటితే ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. పగిలిందా, ఆసుపత్రికి చేరేలోపే చాలామంది పోతారు’ అన్నారు డాక్టరు.

‘ఎందుకొచ్చింది?’ అన్నాను. ఆయన వేళ్లు మడిచి చెప్పారు. పొగ అన్నిటికంటే పెద్ద శత్రువు. ఆపైన 65 దాటిన వయసు, మగవాడు కావడం, బీపీ, కొలెస్ట్రాల్, రక్తనాళాల్లో పూడిక. ఆడవాళ్లలో తక్కువే కానీ, వాళ్లకొస్తే చిన్న సైజులోనే పగిలే ప్రమాదం ఉందట. విచిత్రమేమిటంటే, షుగరున్న వాళ్లలో ఇది కాస్త తక్కువగా కనిపిస్తుందట.

చివరి వేలు మడుస్తూ ‘మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?’ అన్నారు. నాకు తాతయ్య గుర్తొచ్చాడు. పొలంలో ఉన్నట్టుండి కడుపు పట్టుకుని కూలిపోయాడు. ‘గుండె ఆగింది’ అనుకున్నారంతా. ఆయనా చుట్ట మనిషే. అది గుండో, ఇదో.. ఇప్పుడెవరు చెప్పగలరు?

ఎంత మేధావికైనా ఇది మినహాయింపు ఇవ్వదు. నోట్లో పైపు వదలని ఐన్‌స్టీన్‌కు ఇదే జబ్బు. 1948లో డాక్టర్లు ఆయన రక్తనాళం చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టారు. 1955 ఏప్రిల్ 18న అదే పగిలి 76వ ఏట కన్నుమూశారు.

నాన్న అదృష్టం ఏమిటంటే, ఆయన కాలానికి వైద్యం మారింది. డై ఎక్కించి సీటీ తీసేముందు క్రియాటినిన్ చూశారు. అక్కడా మన ఊరి మాటే! తర్వాత గజ్జల్లోంచి గొట్టం పంపి, ఉబ్బిన చోట లోపల స్టెంటు అమర్చారు. మూడున్నర గంటలు. బయట బల్లమీద అమ్మ ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక అసలు తగువు మొదలైంది. రక్తసంబంధీకులూ చూపించుకోవాలన్నారు. బాబాయికి 68 ఏళ్లు, ఆయనా పొగరాయుడే. ‘నాకేం నొప్పి లేదురా, దుక్కలా ఉన్నా’ అంటాడు. సమస్యంతా అదే. పగిలేదాకా చాలామందికి ఏ నొప్పీ ఉండదు. వారం పోరితే వచ్చాడు. 4.1 సెంటీమీటర్లు! ఆపరేషన్ అక్కర్లేదు కానీ, పొగ మానాలి, బీపీ అదుపులో ఉండాలి, ఏడాదికోసారి స్కాన్ చేయించుకోవాలన్నారు. నాదీ చూశారు. ప్రస్తుతానికి మామూలుగానే ఉంది.

ఇంగ్లండులో 65 ఏళ్లు వచ్చిన మగవాళ్లను పిలిచి మరీ ఈ స్కాన్ చేస్తారు. అమెరికాలో 65 నుంచి 75 ఏళ్ల లోపు మగవాళ్లు ఎప్పుడైనా పొగతాగి ఉంటే ఒక్కసారైనా చేయించుకోమంటారు. మనల్ని ఎవరూ పిలవరు. మనమే వెళ్లాలి. సూది లేదు, కోత లేదు.. పావుగంట పని. మీ ఇంట్లోనూ చుట్టో, బీడీయో, సిగరెట్టో వదలని పెద్దాయన ఉంటే ఒకసారి తీసుకెళ్లండి. కసురుకున్నా సరే.

నాన్న మళ్లీ తోటకు వెళ్తున్నాడు. జేబులో ఆ పాత రేకు డబ్బా అలాగే ఉంది. మొన్న అనుమానమొచ్చి తీసి చూశాను. అందులో బీపీ బిళ్లలున్నాయి.