కుర్చీ లేని హోటల్లో...

'నిలబడి తింటే వంటికి పట్టదురా' అని మా అమ్మ పీట వేసి మరీ కూర్చోబెట్టేది. అలాంటి నేను, 2022లో జపాన్‌లో విడుదలైన మన 'ఆర్‌ఆర్‌ఆర్' అభిమానుల గురించి రాద్దామని టోక్యో వెళ్ళి, స్టేషన్ పక్కన ఓ సోబా కొట్లో నిలబడ్డాను! వాళ్ళు దీన్ని 'తాచిగుయి' అంటారు. నిలబడి తినడమన్నమాట. కుర్చీ అన్న మాటే లేదు. గుమ్మం దగ్గర మెషీన్లో డబ్బులేస్తే టికెట్టొస్తుంది, అచ్చం సినిమాకెళ్ళినట్టే. టికెట్ కౌంటరు మీద పెట్టానో లేదో పొగలు కక్కే గిన్నె వచ్చేసింది. ఎండుచేప తురుము వేసి కాచిన చారు, అందులో సోబా.

చప్పుడు కాకుండా, మర్యాదగా తిందామనుకున్నాను. పుల్లల్లోంచి జారి అంతా చొక్కా మీదే! ఇటామీ జూజో 1985లో తీసిన 'టాంపొపో'లో ఓ పెద్దాయన రామెన్ ఎలా తినాలో పాఠమే చెబుతాడు. రెండుసార్లు చూశాను. ఏం లాభం? తెరమీద చూస్తే నోరు కాలదు కదండీ!

పక్కనున్న ముసలాయన నాకేసి చూసి, 'జుర్రు'మని పెద్ద చప్పుడుతో పీల్చాడు. మళ్ళీ చూశాడు. నేనూ జుర్రాను. తలూపాడు.

అమ్మ పోయి అప్పటికి ఏడాది. నేను తింటున్నానా లేదా అని ఒకరు పక్కనుండి చూడడం మళ్ళీ అప్పుడే.

ఆయన ఖాళీ గిన్నె కౌంటరు మీద పెట్టేసి రైలుకి పరిగెత్తాడు. నేను చారు కూడా అడుగంటా తాగేశాను.