ఒక పెట్టె, మూడు చీటీలు



పోయిన భాగం కింద చాలామంది అడిగారు, అమెరికా పెట్టె సంగతి మధ్యలో వదిలేశారేంటి మేడమ్ అని. వదిలెయ్యలేదు. ఆ పెట్టె విప్పాక నాలుగు వారాలపాటు నాకు రాయబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది. ఓపిక పట్టండి.

అట్లాంటాకి ఉత్తరాన ఉంటున్న ఒక తెలుగు అన్న, ఈ పోస్టులు మొదటి నుంచీ చదువుతున్న మనిషి, మా పిల్లల కోసం పుస్తకాలు పంపుతానన్నాడు. వాళ్ల ఊరి లైబ్రరీ పాత పుస్తకాలను అర డాలరుకీ డాలరుకీ అమ్మేస్తుందట. ఆ పెట్టె విశాఖ దాకా వచ్చి, ఆర్టీసీ కార్గోలో పాడేరు చేరి, అక్కడ పది రోజులు పడి ఉండి, పెదబయలు మీదుగా ముంచింగిపుట్టు బస్సులో వెనక సీటు కింద నాకు చేరింది. అట్ట ఒక మూల తడిసింది. లోపల అరవై పైచిలుకు పుస్తకాలు, అన్నీ ఇంగ్లీషువే. మూడు కట్టలుగా కట్టి, కట్టకో చీటీ అంటించాడు అన్న: చరిత్ర, ప్రకృతి, ఆటలు.

మా లైబ్రరీ అంటే నేను అద్దెకున్న ఇంటి ముందుగది. రెండు ఇనప ర్యాకులు, ఒక చాప. సాయంత్రం వచ్చే పిల్లల్లో గదబలు, పోర్జలు, కోదులు, వాల్మీకులు ఉన్నారు. ఇంట్లో ఒక భాష, సంతలో ఆదివాసీ ఒడియా, కాలేజీలో తెలుగు, పరీక్ష కోసం ఇంగ్లీషు. నేను చీపురుపల్లి దగ్గర మాలపేటలో పుట్టినదాన్ని. నాకు రెండు భాషలే వచ్చు, ఆ రెండో దాంట్లో ఇప్పటికీ తడబడతాను. అయినా వీళ్లకి పాఠం చెప్పేది నేనే.

నా తరం దళిత పిల్లలకి అమెరికా ఒకే ఒక్క పుస్తకంలోంచి తెలిసింది. ఏడు తరాలు. అలెక్స్ హేలీ రాసిన రూట్స్‌కి సహవాసి చేసిన తెలుగు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఎస్సీ హాస్టల్లో తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సీనియర్ అక్క ట్రంకుపెట్టెలోంచి తీసి ఇచ్చింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. కుంటా కింటే మా నాయనే అనుకుని చదివాను. అప్పటి నుంచి అమెరికా మీద ఏ పుస్తకం దొరికినా నేను ఎటువైపు కూర్చోవాలో నాకు ముందే తెలుసు. అంబేడ్కర్ 1913 జూలైలో న్యూయార్క్‌లో దిగి కొలంబియాలో చేరడం, 1946లో డుబోయిస్‌కి ఉత్తరం రాయడం, బ్లాక్ పాంథర్స్ పేరు మీదుగా 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టడం, ఇవన్నీ మనం మీటింగుల్లో చెప్పుకునేవే. వాళ్లూ మనమూ ఒకటి. నా పిహెచ్‌డీలో ఒక చాప్టరంతా ఈ ధీమా మీదే నడిచింది.

పెట్టె విప్పగానే మగపిల్లలు ఆటల కట్ట మీద పడ్డారు. అందులో జిమ్ థోర్ప్ జీవితకథ ఉంది. శాక్ అండ్ ఫాక్స్ అనే తెగకి చెందిన అమెరికా ఆదివాసి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింట్లోనూ బంగారు పతకం కొట్టాడు. అంతకుముందు ఎప్పుడో బేస్‌బాల్ ఆడి నాలుగు డబ్బులు తీసుకున్నాడని మరుసటి ఏడాదే రెండూ లాగేసుకున్నారు. 1982లో తిరిగి ఇస్తామన్నారు, అప్పటికి ఆయన చనిపోయి ఇరవై తొమ్మిదేళ్లు. ఆ పోటీల్లో ఆయనొక్కడే విజేత అని పూర్తిగా ఒప్పుకున్నది 2022లో. మావాళ్లు ఫోనులో డిక్షనరీ పెట్టుకుని, వాక్యానికి ఐదు నిమిషాల చొప్పున రెండు వారాలు చదివారు. (1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకి కెప్టెన్ ఒక ముండా ఆదివాసి, జైపాల్ సింగ్, తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున నిలబడి మాట్లాడినవాడు. ఆ పేరు వీళ్లలో ఒక్కరికీ తెలియదు. మనం రాసే స్పోర్ట్స్ పుస్తకాల సంగతి అది.)

వాళ్లని పట్టుకున్నది పతకాల కథ మాత్రం కాదు. థోర్ప్ చదివిన బడి. పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూల్, 1879లో ఒక సైనికాధికారి పెట్టింది. తెగల పిల్లల్ని రైలెక్కించి తెచ్చి, జుట్టు కత్తిరించి, పేరు మార్చి, ఇంటి భాష మాట్లాడితే శిక్షించేవారు. పిల్లాడిలోని ఇండియన్ని చంపితే మనిషి మిగులుతాడని ఆ అధికారి బాహాటంగానే చెప్పుకున్నాడు. ఇది చదివి ఒక గదబ కుర్రాడు నవ్వాడు. మూడో తరగతిలో హాస్టల్లో గదబ మాట్లాడినందుకు వాడిని ఎండలో నిలబెట్టారట. "మరి ఆ బడివాళ్లు థోర్ప్‌ని ఒలింపిక్స్‌కి పంపేరు కదా మేడమ్. మమ్మల్ని ఎవరు పంపేరు?" అన్నాడు. నేనూ నవ్వబోయాను. కానీ నా వెనక గోడకున్న బోర్డు మీద జూన్‌లో నేను రాసిన మాట ఇంకా చెరగలేదు: ఈ గదిలో తెలుగులోనే మాట్లాడవలెను. 'వలెను' అట. వాళ్ల మంచికే రాశాననుకున్నాను. కార్లైల్ వాళ్లూ అదే అనుకున్నారు.

ప్రకృతి కట్ట గురించి కొంచెమే చెబుతాను. జాన్ మ్యూర్ పుస్తకం ఒకటి ఉంది, 1869 వేసవిలో సియెర్రా కొండల్లో గొర్రెల వెంట తిరిగిన కథ. రాళ్లనీ చెట్లనీ దేవుళ్లలా చూసిన మనిషి, ఎదురైన ఆదివాసుల్ని మాత్రం మురికివాళ్లని రాసుకున్నాడు. ఆ వేసవికి పద్దెనిమిదేళ్ల ముందే, 1851లో, యోసెమిటీ లోయలోకి మారిపోసా బెటాలియన్ చొరబడి అక్కడి జనం ఇళ్లనీ దాచుకున్న ఓక్ గింజల్నీ తగలబెట్టి తరిమింది. ఆ ఖాళీనే ఆయన ప్రశాంతత అన్నాడు. ఆయన స్థాపించిన సియెర్రా క్లబ్ 2020లో ఈ మచ్చని బహిరంగంగా ఒప్పుకుంది. మా దగ్గర వలిసెలు పూసే రోజుల్లో కార్లు వేసుకొచ్చి పసుపుపచ్చ మడుల్లో ఫొటోలు దిగి, ఎంత ప్యూర్‌గా ఉందో అనేవాళ్లకి కూడా ఆ మడి దున్నినవాళ్లు ఫ్రేములో అడ్డంగానే ఉంటారు.

ఇప్పుడు అసలు విషయం. జోలాపుట్ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉంది, బీఏ రెండో ఏడాది. మాట తక్కువ. ఒక సాయంత్రం మూడు కట్టల్లోంచీ ఒక్కో పుస్తకం తీసి చాప మీద పక్కపక్కన పెట్టి, "మేడమ్, ఇవి మూడూ ఒకే చెరువు" అంది.

ప్రకృతి కట్టలోది చేపలు పట్టేవాళ్లకీ పడవలు తిప్పేవాళ్లకీ రాసిన గైడు: లేక్ లేనియర్. ఆటల కట్టలోది 1996 అట్లాంటా ఒలింపిక్స్ బొమ్మల పుస్తకం, అందులో తెడ్డు పడవల పోటీలు జరిగింది ఇదే లేక్ లేనియర్‌లో. చరిత్ర కట్టలోది పాట్రిక్ ఫిలిప్స్ 2016లో వేసిన బ్లడ్ ఎట్ ద రూట్. ఆ సరస్సు పడమటి ఒడ్డున ఉన్న ఫోర్సైత్ కౌంటీ కథ. ఈ అమ్మాయి పుస్తకాలు చదవలేదు, మ్యాపులు చూసింది. మ్యాపుకి భాష అక్కర్లేదు కదా.

ఆ రాత్రి నేను ఫిలిప్స్ పుస్తకం మొదలుపెట్టి తెల్లారేదాకా దింపలేదు. ఫోర్సైత్ మొదట చెరోకీల నేల. 1832లో జార్జియా ప్రభుత్వం దాన్ని ముక్కలు చేసి తెల్లవాళ్లకి లాటరీ తీసి పంచింది. 1838లో చెరోకీల్ని పట్టి పడమటికి నడిపించారు. ఆ తర్వాత అక్కడ బతికిన నల్లవాళ్లు, 1912 నాటికి సుమారు పదకొండు వందల మంది. ఆ సెప్టెంబరులో ఒక తెల్ల అమ్మాయి హత్యకి గురైంది. రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి మనిషిని గుంపు జైల్లోంచి లాగి చంపింది. ఇద్దరు కుర్రాళ్లని, పద్దెనిమిదేళ్లు దాటనివాళ్లని, పేరుకి విచారణ జరిపి అక్టోబరులో ఉరితీశారు. రాత్రిళ్లు గుర్రాల మీద వచ్చి ఇళ్లు కాల్చి, చర్చిలు కాల్చి, దాదాపు మొత్తం పదకొండు వందల మందినీ కౌంటీ దాటించారు. జిమ్ థోర్ప్ పతకాలు గెలిచింది అదే ఏడాది జూలైలో. బాబాసాహెబ్ న్యూయార్క్‌లో దిగింది ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే. తరిమినవాళ్ల భూములు చాలావరకు ఎవరు దున్నుకుంటే వాళ్లవైపోయాయి. 1950లలో చట్టహూచీ నదికి ఆనకట్ట కట్టి సరస్సు నింపారు, ఏడు వందల దాకా కుటుంబాలు కదిలాయి. సరస్సుకి ఒక కవి పేరు పెట్టారు, సిడ్నీ లేనియర్. బానిసత్వం నిలబెట్టడానికి యుద్ధం చేసిన సైన్యంలో పనిచేసిన కవి. సాహిత్యం చదువుకున్నదాన్ని కదా, అక్కడ కాసేపు ఆగిపోయాను.

ఆ కౌంటీలో నల్లవాళ్లు కాలు పెట్టలేని పరిస్థితి దాదాపు ఎనభై ఏళ్లు నడిచింది. 1987 జనవరిలో హోసియా విలియమ్స్ చిన్న ఊరేగింపు తీస్తే రాళ్లు పడ్డాయి. వారం తిరగ్గానే సుమారు ఇరవై వేల మంది నడిచారు. ఇవాళ అక్కడ 2020 లెక్కల ప్రకారం ఆసియా మూలాలవాళ్లు ఆరో వంతుకి పైనే. నల్లవాళ్లు ఇరవయ్యో వంతు కూడా లేరు. ఆ ఆసియావాళ్లలో మనవాళ్లు బోలెడు మంది.

పెట్టె మీద పంపినవారి చిరునామా చూశాను. ఫోర్సైత్ కౌంటీ.

అన్నకి ఫోన్ చేశాను. పుస్తకాలు అట్టలు చూసి కొన్నాడు, చదవలేదు. నేను చెబుతుంటే చాలాసేపు మాట్లాడలేదు. "మేము మంచి స్కూళ్లున్నాయని వచ్చేం చెల్లీ. పిల్లలు ఆ లేక్‌లోనే ఈత నేర్చుకున్నారు" అన్నాడు. ఆ గొంతులో నాకు దొంగతనం ఏమీ వినిపించలేదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది.

మరునాడు పిల్లలకి తెలుగులో ఈ కథంతా చెప్పాను. బాగానే చెప్పాననుకున్నాను. జోలాపుట్ అమ్మాయి వింది. వాళ్ల అవ్వ పుట్టిన ఊరు నీళ్ల కింద ఉంది. మత్స్యగెడ్డ మీద జోలాపుట్ డ్యామ్ కట్టి, డుడుమ దగ్గర నీళ్లు కిందికి వదిలి, 1955 నుంచి మాచ్‌ఖండ్‌లో కరెంటు తీస్తున్నారు. 120 మెగావాట్లు, ఆంధ్రాకీ ఒడిశాకీ వాటా. ఊళ్లు ఖాళీ చేసినవాళ్లలో సగానికి పైగా ఆదివాసులు, పదో వంతు దళితులు. నిర్వాసితుల మీద పనిచేసినవాళ్లు ఈ లెక్క ఎప్పుడో రాశారు. నేను ఆ దళితుల పదో వంతు గురించి గట్టిగా చెప్పాను. మనం ఇద్దరం కలిసే మునిగాం అన్నట్టు.

అప్పుడు ఆ అమ్మాయి అడిగింది. "మేడమ్, అక్కడ ఇల్లు కొనుక్కున్న తెలుగోళ్లు తప్పు చేసినట్టా?"

నేను తిన్నగా చెప్పలేదు. తెలియక కొన్నారు, తెలిశాక ఏం చేస్తారన్నది ముఖ్యం, ఇలా ఏదో అన్నాను.

"ఇక్కడ 1/70 చట్టం ఉంది కాబట్టి మీరు అద్దెకుంటున్నారు. లేకపోతే కొనేవారు కదా?"

కొనేదాన్ని. అబద్ధమెందుకు. ఈ చల్లదనం, ఈ కాఫీ తోటలు, రిటైరయ్యాక ఒక చిన్న ఇల్లు. ఆశ పుట్టింది నాకు కూడా. కొనేదాన్నే అని చెప్పాను. అది తల ఊపింది, కోపంగా కాదు, లెక్క సరిపోయినట్టు.

ఆ పిల్లకి చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అన్న 2000 నాటి జీవో నంబరు 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. లాక్‌డౌన్ రోజులు. మా పేట వాట్సాప్ గ్రూపులో డీఎస్సీకి చదువుతున్న ఒక తమ్ముడు, ఇక మనకి కూడా పోస్టులొస్తాయి అని ఆ వార్త పెట్టాడు. వాడు మూడుసార్లు రాసి పోగొట్టుకున్నవాడు, తల్లి ఇటుకబట్టీలో పనిచేస్తుంది. నేను ఆ మెసేజ్ కింద చప్పట్ల బొమ్మ పెట్టాను. రెండు నెలల తర్వాత ఆదివాసీ సంఘాల ధర్నా టెంటు కింద కూర్చుని సంఘీభావం తెలుపుతూ ప్రసంగించాను. రెండూ నేనే. రెండూ మనస్ఫూర్తిగానే చేశాను.

వాడి ఆకలి అబద్ధం కాదు. ఈ పిల్లల హక్కూ అబద్ధం కాదు. మన మీటింగుల్లో దళిత్-ఆదివాసీ ఐక్యత అని ఒకే గుక్కలో అనేస్తాం, ఆ గీత దగ్గర ఏముందో ఎవరం ఆగి చూడం. ఏడు తరాలు చదివినప్పటి నుంచి ఓడలో గొలుసులేసిన వైపే కూర్చున్నాననుకున్నాను. పల్లంలో ఇప్పటికీ అక్కడే ఉన్నాను, మా ఊళ్లో టీ కొట్టు గ్లాసులు సాక్ష్యం. కానీ బస్సు ఘాట్ ఎక్కి ఇక్కడ దిగాక నా సీటు మారింది. అది నాకు చెప్పడానికి జార్జియా నుంచి పెట్టె రావలసి వచ్చింది.

బోర్డు మీది మాట తుడిచేశాను. ఇప్పుడు సాయంత్రాలు గది గోలగోలగా ఉంది, సగం నాకు అర్థం కాదు. ఆ అమ్మాయి నా దగ్గర ఒక రెండొందల పేజీల నోటుబుక్ తీసుకుంది. అవ్వనీ, అవ్వ ఈడువాళ్లనీ అడిగి మునిగిన ఊళ్ల పేర్లు, ఏ ఊళ్లో ఏ చెట్టు కింద ఏ దేవత ఉండేది, ఎవరు ఎటు పోయారు, ఇవి రాస్తోంది. వాళ్ల మాటల్లోనే, తెలుగు లిపిలో. నన్ను దిద్దొద్దని ముందే చెప్పింది. అవ్వ మొదట చెప్పింది ఊరి పేరు కాదట, ఊరవతల ఆడపిల్లలు పరుగు పందెం పెట్టుకున్న బయలు సంగతి. ఆ పుస్తకం అయ్యాక దాన్ని చరిత్రలో పెట్టాలా, ప్రకృతిలోనా, ఆటల్లోనా అని మగపిల్లలు తగువులాడుకుంటున్నారు.

అన్న మళ్లీ ఫోన్ చేశాడు. ఫిలిప్స్ పుస్తకం ఇంకో కాపీ కొని చదువుతున్నాడట, వాళ్ల అపార్ట్‌మెంట్ తెలుగు సంఘంలో మాట్లాడతాడట. ఏం జరిగిందో తెలిశాక రాస్తాను.

మిత్రులకి ఒక విన్నపం. మాచ్‌ఖండ్ ప్రాజెక్టు నాటి భూసేకరణ కాగితాలు, గ్రామ పటాలు, డ్యామ్ పనికి కూలీలుగా వెళ్లినవాళ్ల జ్ఞాపకాలు మీ ఇళ్లలో గానీ, మీకు తెలిసిన ఆఫీసుల్లో గానీ ఉంటే ఫొటో తీసి నాకు మెసేజ్ చెయ్యండి. మీ తాతలు ఆ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లయినా పరవాలేదు, వాళ్ల కాగితాలు మరీ ముఖ్యం. జోలాపుట్‌కి వచ్చే ఆదివారం వెళ్తున్నాం. వేసవి కదా, నీళ్లు దిగాయంటున్నారు.