అర్జీ మనమే టైపు చేసుకుందాం



డిగ్రీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఈమధ్య ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, ఎమ్మెస్ వర్డ్ మొదట్నించీ నేర్చుకోవాలి, ఏ పుస్తకం కొనమంటావు?" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్నాను. కొంచెం పొడుగవుద్ది, ఓపిక పట్టండి.

ఉద్యోగం కోసం నేర్చుకుంటామంటే తప్పేం లేదు. గ్రూప్-2 వాళ్లకి కంప్యూటర్ పరీక్ష ఉంది. 2019 అక్టోబరు 2న మన కరపలోనే మొదలైన గ్రామ సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్ పోస్టులున్నాయి. నాకు మాత్రం ఇంకో కారణం ఉంది.

మా పెద్దమ్మ సాగు చేసుకునే లంక భూమిలో ఓ మోతుబరి గట్టు జరిపాడు. అడిగితే కులం పేరెట్టి తిట్టాడు. ఆవిడ ఎమ్మార్వో ఆఫీసు దగ్గర ఒక డీటీపీ షాపుకెళ్లి జరిగిందంతా చెప్పింది. టైపు చేసినాయన చేతిలో పెట్టిన కాగితంలో ఏముందో తెలుసా? "సరిహద్దు విషయమై స్వల్ప వివాదము", "తమరు దయతలచి విచారించవలసినదిగా ప్రార్థన". తిట్టిన మాట లేదు. పట్టా నంబరు లేదు. దౌర్జన్యం కాస్తా స్వల్ప వివాదం అయిపోయింది, హక్కు కాస్తా ప్రార్థన అయిపోయింది. పెద్దమ్మ డబ్బులిచ్చి, వేలిముద్ర వేసి వచ్చేసింది. నేను చదివి వినిపిస్తే "నేనిలా చెప్పలేదురా అయ్యా" అంది.

అట్రాసిటీ చట్టానికి 2015లో వచ్చిన సవరణ చూడండి. బాధితులు నోటితో చెప్పింది స్టేషన్లో రాసుకున్నాక, సంతకం పెట్టించుకునే ముందు దాన్ని వాళ్లకి చదివి వినిపించాలి. అది అధికారి విధి, నాలుగో సెక్షన్‌లో ఉంది. డీటీపీ షాపుకి అలాంటి సెక్షనేదీ లేదు కదా. అందుకే పేటకొకరైనా టైపు వచ్చినవాళ్లు కావాలంటాను. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న గారు "జయభేరి" పత్రిక తనే నడిపారు. మన మాట అచ్చయ్యే చోటు మన చేతిలో ఉండాలన్నది కొత్త సంగతేం కాదు.

ఇక పుస్తకాల సంగతి. షాపులో పుస్తకం తీయగానే అట్ట మీద బొమ్మ చూడకండి, సూచిక చూడండి. ఫైల్ మెనూ, ఎడిట్ మెనూ, వ్యూ మెనూ అని వరసగా అధ్యాయాలుంటే అది నేర్పే పుస్తకం కాదు, సామాన్ల జాబితా. వంట నేర్పమంటే వంటింట్లో గిన్నెలన్నీ లెక్కపెట్టి చూపించినట్టు ఉంటుంది. "ఒక ఉత్తరం రాద్దాం", "ఒక పట్టిక గీద్దాం" అని మొదలయ్యే పుస్తకం కొనండి. మొదటి పది పేజీల్లో మీ చేత ఒక కాగితం టైపు చేయించి, సేవ్ చేయించి, ప్రింటు తీయించాలి. అది చేయించలేని పుస్తకం ఆరొందల పేజీలున్నా మనకెందుకు?

పాత పుస్తకాల కొట్టులో చవగ్గా దొరుకుతాయి, కానీ ఏ వెర్షనో చూసుకోండి. వర్డ్ 2007తో పాత మెనూలు పోయి పైన రిబ్బన్ వచ్చింది. వర్డ్ 2003 పుస్తకం ముందేసుకుని ఇప్పటి వర్డ్ ముందు కూర్చుంటే పుస్తకంలో ఒకటి, తెర మీద ఇంకోటి. మొదటిసారి కూర్చున్న పిల్ల తప్పు తనదే అనుకుంటుంది. మన పిల్లలకి బళ్లో ముందే అలా అనుకోవడం నేర్పేశారు, మళ్లీ ఇదొకటి.

అదే కారణంతో "ఫర్ డమ్మీస్" అనే పేరు కూడా నాకు గుచ్చుకుంటుంది. 1991లో డాన్ గూకిన్ "డాస్ ఫర్ డమ్మీస్"తో మొదలైన వరస అది. అక్కడ సరదాగా పెట్టుకున్న పేరు. మొద్దు అని నిజంగానే పిలిపించుకున్నవాళ్లకి ఆ సరదా అందదు. అయినా లోపలి పాఠం తేలిగ్గా ఉంటుంది, లైబ్రరీలో దొరికితే చదవండి. అమెరికా పుస్తకాలు కాగితం సైజు లెటర్ అంటాయి. మన దగ్గర ఏ4. అది మార్చుకోకపోతే ప్రింటులో అంచులు తేడా వస్తాయి.

తెలుగు పుస్తకాల్లో ఇంకో తంటా. కొందరు ఫైలుని దస్త్రం అనీ, సేవ్‌ని భద్రపరచుట అనీ రాస్తారు. తెర మీద ఆ మాటలుండవు, వెతుక్కోలేక చస్తాం. మా పేటలో ముసలాళ్లు కూడా ఫైలు, ప్రింటు, జిరాక్సు అనే అంటారు. అలా రాసిన పుస్తకమే మంచిది.

అసలు పరీక్ష ఇప్పుడు చెప్తాను. పుస్తకంలో తెలుగు టైపింగ్ ఉందా? ఉంటే యూనికోడా, అనూనా? సమాచార హక్కు దరఖాస్తు తెలుగులోనే పెట్టుకోవచ్చని 2005 చట్టం ఆరో సెక్షన్ ఒప్పుకుంటుంది. ఇంగ్లీషు ఉత్తరం మాత్రమే నేర్పే పుస్తకంతో మన పని సగమే అవుద్ది. అనూలో టైపు చేసిన "అ" కంప్యూటర్‌కి "అ" కాదు. లోపల ఏదో ఇంగ్లీషు గుర్తు ఉంటుంది, దానికి తెలుగు ఫాంటు తొడుగుతారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి గీతలే. యూనికోడ్‌లో మన అక్షరాలకి సొంత నంబర్లున్నాయి, ఫోన్లో తెరిచినా తెలుగే కనిపిస్తుంది. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన యూనికోడ్ తెలుగు ఫాంటు పేరు గౌతమి. మన గోదారి పాయ పేరే. చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. డీటీపీ ఉద్యోగం చేసేవాళ్లు అనూ కూడా నేర్చుకోండి, కాదనను. మొదటి పాఠం మాత్రం ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో యూనికోడ్ అవ్వాలి.

డబ్బుల్లేవంటారా, లిబ్రే ఆఫీస్ ఉచితం. దాని గైడ్లు కూడా ఉచితమే, జిరాక్సు తీసి పంచుకోవడానికి లైసెన్సులోనే అనుమతి ఉంది. ఇంగ్లీషులో ఉంటాయి. నలుగురు కూర్చుని, ఇంగ్లీషు కాస్త వచ్చినోళ్లు పైకి చదువుతుంటే మిగతావాళ్లు చేసుకుపోవచ్చు. హాస్టల్లో ఉన్నవాళ్లకి ఇది బాగా కుదురుతుంది.

ఒక్క విన్నపం. మీ నాన్నల దగ్గర, మామయ్యల దగ్గర పాత సభల కరపత్రాలు, మెమొరాండాలు సీడీల్లో ఉండే ఉంటాయి. తెరిస్తే పిచ్చి గీతలు వచ్చాయని పారేయకండి. అనూ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి. మార్చాక ఒత్తులు కొన్ని తారుమారవుతాయి, కాగితం ప్రతి ఉంటే పక్కన పెట్టుకుని సరిచేయాలి. టైపింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి అంతకన్నా మంచి హోంవర్కు నాకు తెలీదు.