చందాపురకు ఇల్లు మార్చేవారికి నాలుగు మాటలు

పోయిన నెలలో మా మేనల్లుడు ఒంగోలు నుంచి ఫోను చేశాడు. "అత్తయ్యా, బొమ్మసంద్రలో ఉద్యోగం వచ్చింది. మీ చందాపురలోనే ఇల్లు చూసుకుందామనుకుంటున్నాం. అద్దెలు ఎలా ఉన్నాయి?" అన్నాడు.

"అద్దె సంగతి తరువాత చెబుతాను. ముందు నీ కూతురు ఏ క్లాసో చెప్పు" అన్నాను.

"ఎనిమిది పూర్తవుతోంది."

నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. 2014లో మేము వచ్చినప్పుడు మా అమ్మాయిదీ సరిగ్గా అదే వయసు. అప్పుడు మాకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. అది వాడికి చెప్పాను. మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని ఇక్కడా రాస్తున్నాను.

ముందు ఊరి గురించి. బెంగళూరు నుంచి హొసూరు వెళ్ళే రోడ్డులో ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర పారిశ్రామికవాడ దాటగానే చందాపుర వస్తుంది. సర్కిల్ దగ్గర ఒక రోడ్డు ఆనేకల్‌కు, దానికి ఎదుటి రోడ్డు దొమ్మసంద్రకు చీలుతాయి. తిన్నగా పోతే అత్తిబెలె, అది దాటితే తమిళనాడు. అందుకే మా కూరగాయల అంగడిలో కన్నడం, తెలుగు, తమిళం ఒకే తక్కెడలో తూగుతుంటాయి. ఆనేకల్ తాలూకాలో తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. మేము దిగిన మర్నాడు పక్కింటి అవ్వ గోడ మీదుగా చూసి "ఏం పాపా, బువ్వ తింటివా?" అని అడిగింది. పరాయి రాష్ట్రానికి వచ్చామన్న బెంగ సగం అక్కడే తీరింది.

వాతావరణం చల్లన. ఎండాకాలం ఒంగోలు వాళ్ళకి పండగే. నీళ్ళ విషయంలో మాత్రం ఇల్లు చూసేటప్పుడే గట్టిగా అడగండి. మా వీధిలో బోరు, అది ఎండితే ట్యాంకరు. ఇక చెరువు పేరు చెప్పుకుని మురిసేలా లేదు. చందాపుర చెరువును కాపాడలేకపోయినందుకు 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్ కర్ణాటక ప్రభుత్వానికి 500 కోట్ల రూపాయల పరిహారం విధించింది.

ప్రయాణం మునుపటికంటే సుఖం. 2010లో ఎలక్ట్రానిక్ సిటీకి పైవంతెన రోడ్డు వచ్చింది. 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర వరకు మెట్రో పసుపు లైను మొదలైంది. బొమ్మసంద్ర వరకు ఆటోలోనో బస్సులోనో వెళితే చాలు, సిల్క్ బోర్డు దగ్గర గంటలు గంటలు నిలబడే బాధ లేదు.

అద్దె ఇంటికి పదకొండు నెలల అగ్రిమెంటు రాస్తారు. అడ్వాన్సు మన ఊళ్ళ కంటే బాగా ఎక్కువ అడుగుతారు, బేరమాడండి. 'లీజు' అని ఇంకో పద్ధతి ఉంది. పెద్ద మొత్తం ఒకేసారి ఇస్తే నెల అద్దె ఉండదు, ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు తిరిగిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఆ ఇంటి మీద అప్పులున్నాయేమో సబ్ రిజిస్ట్రారు దగ్గర ఈసీ తీయించి చూడకుండా, లీజు పత్రం రిజిస్టరు చేయించకుండా రూపాయి ఇవ్వకండి.

ఆధార్‌లో చిరునామా త్వరగా మార్పించుకోండి. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకి సాధారణ బస్సుల్లో ప్రయాణం ఉచితమే, కానీ కార్డు మీద కర్ణాటక చిరునామా ఉండాలి. నేను చాలా రోజులు ఒంగోలు కార్డు పట్టుకుని టిక్కెట్టు కొన్నాను! స్కూటరు, కారు తెచ్చుకునేవారు పాత ఊరి ఆర్టీవో ఆఫీసులో ఎన్‌వోసీ తీసుకునే బయలుదేరండి. పన్నెండు నెలలు దాటి ఇక్కడే ఉంచుకుంటే నంబరు మార్చి, ఇక్కడి పన్ను కట్టాలి.

భాషకు భయపడనక్కరలేదు. మన 'ప' చాలాచోట్ల ఇక్కడ 'హ' అవుతుంది. పాలు హాలు, పువ్వు హూవు, పల్లె హళ్ళి. పులి హులి, పులుసు హుళి. 'ళ' సరిగ్గా పలక్కపోతే మధ్యాహ్నం పులిని వండినట్టే! చలికాలంలో అవరెకాయలు కుప్పలు పోస్తారు. చిత్తూరు వాళ్ళ పితికి పప్పు ఇక్కడ హిదకిద బేళె అయింది. ఉగాది ఒకే రోజు, ఓళిగలూ ఉంటాయి, మన పచ్చడి బదులు వేప, బెల్లం పంచుతారు.

ఇక అసలు సంగతి. కర్ణాటకలో ఇంజనీరింగు, మెడిసిన్ వంటి చదువులకు ప్రభుత్వ కోటా సీటు కావాలంటే, ఒకటి నుంచి పన్నెండు తరగతుల్లో కనీసం ఏడేళ్ళు ఈ రాష్ట్రంలో చదివి ఉండాలి. వేరే క్లాజులు కొన్ని ఉన్నాయి గానీ మావారిది ప్రైవేటు ఉద్యోగం, మాకు ఏదీ వర్తించలేదు. మన ఆంధ్రలోనేమో 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకి. లోకల్ కావాలంటే మామూలుగా ఇంటరుతో ముగిసే నాలుగేళ్ళు వరుసగా అక్కడే చదివి ఉండాలి.

మా అమ్మాయి తొమ్మిది నుంచి రెండో పీయూసీ వరకు నాలుగేళ్ళు ఇక్కడే చదివింది. 2018లో అప్లికేషన్లు నింపుతుంటే తెలిసింది, కర్ణాటక లెక్కకు మూడేళ్ళు తక్కువ, ఆంధ్ర లెక్కకు నాలుగేళ్ళూ లేవు. "అమ్మా, నేను ఏ ఊరిదాన్ని?" అని అడిగింది. నవ్వుతూనే అడిగింది గానీ, ఆ రాత్రి మావారూ నేనూ అన్నం తినలేదు. చివరికి అన్ని రాష్ట్రాల వాళ్ళూ రాయగలిగే కామెడ్‌కె పరీక్ష రాసి ఇక్కడే సీటు తెచ్చుకుంది. ఫీజుకు బ్యాంకు లోను తీసుకున్నాం.

మావాడు వచ్చినప్పుడు నాలుగో తరగతి. పన్నెండు పూర్తయ్యేసరికి ఇక్కడ తొమ్మిదేళ్ళయ్యాయి. 2023లో వాడికి కర్ణాటక లోకల్ కింద సీటొచ్చింది. ఒకే ఇంట్లో అక్క నాన్ లోకల్, తమ్ముడు లోకల్. వాడు బళ్ళో కన్నడం నేర్చుకున్నాడు, తెలుగు నేర్చుకోలేదు. పోయిన వేసవిలో కూర్చోబెట్టి అక్షరాలు చూపిస్తే, రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు కనుక వారంలో కూడబలుక్కుని చదివేశాడు. మన పిల్లలకి తెలుగు పోతుందని దిగులుపడేవారు ఈ దారి ప్రయత్నించండి.

కాబట్టి పిల్లలున్నవాళ్ళు అద్దె లెక్క కంటే ముందు తరగతుల లెక్క వేసుకోండి. ఆరో తరగతి మొదలయ్యేలోగా వస్తే ఏడేళ్ళూ నిండుతాయి. ఆ తరువాతైతే నాలుగేళ్ళు ఆగడమా, ఫీజుకు డబ్బు సిద్ధం చేసుకుని రావడమా తేల్చుకోండి. నిబంధనలు మారుతుంటాయి, ఆ యేటి ప్రవేశాల పుస్తకం రెండు రాష్ట్రాలదీ చదవండి.

మేనల్లుడు ఇంకా తేల్చుకోలేదు. తానొక్కడే వచ్చి, పిల్ల ఇంటరు అయ్యేదాకా తల్లీకూతుళ్ళను ఒంగోలులో ఉంచితే ఎలా ఉంటుందని అడిగాడు. నాలుగేళ్ళు తండ్రి దూరంగా ఉండటం మంచిదా, సీటు దూరం కావడం మంచిదా, నేను చెప్పలేకపోయాను. మాకు ముందే తెలిసినా బహుశా అందరం కలిసే వచ్చేవాళ్ళం. కాకపోతే ఆ రాత్రి అన్నం తినేవాళ్ళం.

వాడు ఒక్కడే వచ్చినా మా ఇంట్లో ఒక మంచం ఉంది. పక్కింటి అవ్వకు అప్పుడే చెప్పాను. "రానీ పాపా, మనోళ్ళే కదా" అంది.