కోడింగ్ రాకపోయినా ఓపెన్ సోర్స్‌లో ఓ చెయ్యి వేయొచ్చు

"ఓపెన్ సోర్స్‌కి పనిచేయాలంటే కోడింగ్ బాగా రావాలి కదండీ?" అని మా యానాంలో డిగ్రీ చదివే పిల్లలు అడుగుతుంటారు. అక్కర్లేదు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ యాప్ వేసుకోండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఖాతా తెరవండి, రెండూ ఉచితమే. సాయంత్రం ఫెర్రీ రోడ్డు మీదో, గిరియాంపేటలోనో నడుస్తుంటే యాప్ చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతుంది. ఈ వీధి పేరేంటి? సిమెంటు రోడ్డా, మట్టి రోడ్డా? ఈ కొట్టు ఎన్నింటికి తీస్తారు? చూసి జవాబిస్తే చాలు, ప్రపంచమంతా వాడుకునే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఎక్కుతుంది. ముఖ్యమైన నియమం: గూగుల్ మ్యాప్ చూసి ఎక్కించకూడదు, స్వయంగా చూసిందే రాయాలి. 2004లో మొదలైన ఈ మ్యాప్ ఇలా స్వచ్ఛందంగా చెయ్యి వేసినవాళ్ల వల్లే చాలావరకు పెరిగింది. దరియాలతిప్ప సందుల పేర్లు అక్కడివాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తాయి?

ఇంట్లో కూర్చునే చేస్తామంటారా? మొజిల్లా వాళ్ల పాంటూన్ అనే అనువాదాల సైట్‌లో ఫైర్‌ఫాక్స్‌కి తెలుగు అనువాదాలు సూచించండి. ఏదైనా ఓపెన్ సోర్స్ యాప్‌లో తప్పు కనిపిస్తే ఫోన్ మోడల్, యాప్ వెర్షన్, ఏం నొక్కితే ఏమైందో వరసగా రాసి, స్క్రీన్‌షాట్ జతచేసి తయారుచేసినవాళ్లకు పంపండి. అలా రాసి పంపితే వాళ్లకు సగం పని తగ్గుతుంది.

హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ని తెలుగులోకి తెచ్చింది కూడా స్వచ్ఛందంగా పనిచేసినవాళ్లతోనే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ ఆదివారం మీ వీధితోనే మొదలుపెట్టండి. ఎక్కడైనా ఆగిపోతే నన్ను అడగండి, కూర్చుని చూపిస్తాను.