గుడ్డ మీద రాసిన పేరు

నిడదవోలు జంక్షన్లో రైలు దిగి ఊళ్లోకి నడిస్తే ముందు పలకరించేవి ఫ్లెక్సీలే. పుట్టినరోజులు, పదవులు, పెళ్లిళ్లు, కోట సత్తెమ్మ అమ్మవారి తిరునాళ్లు. పాలిస్టర్ బట్టకు పీవీసీ పూత పూస్తే ఫ్లెక్సీ అవుతుంది. ఆ రెంటినీ విడదీయడం కష్టం, తగలబెడితే విషవాయువులు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్లెక్సీలపై నిషేధం ప్రకటించింది. నవంబరు 1 అన్న గడువు 2023 జనవరి 26కి జరిగింది. ఫ్లెక్సీలు మాత్రం కడుతూనే ఉన్నారు.

నిషేధంతో ఆగలేదు కాబట్టే, వాటిని తయారుచేసే దశలోనే మార్పు తేగల గ్రాఫిక్ డిజైన్ చదివే పిల్లల మీద నాకింత ఆశ. మన రాష్ట్రంలో 2015లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో కమ్యూనికేషన్ డిజైన్ నేర్పుతున్నారు. పర్యావరణం మీద పోస్టరు వేయడం మంచిదే. కానీ అది దేనిమీద అచ్చవుతుంది, తర్వాత ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్న బొమ్మ గీయకముందే రావాలి. ఫ్లెక్సీ బదులు గుడ్డ మీద, తారీఖు, సంవత్సరం లేకుండా రాస్తే అదే బ్యానరు ఏటేటా తిరునాళ్లకు కట్టుకోవచ్చు. ఇదంతా డిజైనరు చేతిలో పనే.

ఫ్లెక్సీ వచ్చాక కుంచె పక్కన పెట్టేసిన సైన్‌బోర్డు ఆర్టిస్టులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. అక్షరానికి వంపు ఎక్కడ తేవాలో వాళ్ల చేతికి తెలుసు. ఒక సెమిస్టరు ఈ పిల్లలు వాళ్ల పక్కన నిలబడి గోడ రాత నేర్చుకుంటే చూడాలని ఉంది. నేర్పినందుకు వాళ్లకిచ్చే కూలి కాలేజీయే భరించాలి.