పడినా పగలని గడియారం

చేతిగడియారం సున్నితమైన వస్తువని లోకం చాలాకాలం నమ్మింది. స్నానానికి వెళ్ళేముందు దానిని విప్పి గూట్లో పెట్టేవారు. ఆటకు దిగేముందు స్నేహితుని చేతికి ఇచ్చేవారు. చేయి జారి నేలమీద పడితే ఇక మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్ళవలసిందే. గడియారం స్వభావమే అంత అని అందరూ సరిపెట్టుకున్నారు. అలా సరిపెట్టుకోలేకపోయిన వ్యక్తి కికువో ఇబే. ఆయన జపాన్‌లోని కాసియో సంస్థలో ఇంజనీరు.

ఒకనాడు ఇబే నడుస్తుండగా మరొక మనిషి తగిలాడు. ఇబే చేతికున్న గడియారం ఊడి నేలమీద పడి ముక్కలయింది. అది తండ్రి బహుమతిగా ఇచ్చిన గడియారం. ఆ బాధలోనుంచే ఆయనకు ఒక ఆలోచన పుట్టింది. పడినా పగలని గడియారాన్ని ఎందుకు తయారు చేయకూడదు? 1981లో ఆ ఒక్క వాక్యాన్నే తన ప్రతిపాదనగా రాసి సంస్థకు ఇచ్చాడు. దానిని ఎలా సాధించాలో అప్పటికి ఆయనకే తెలియదు.

ముగ్గురు సభ్యులతో ఒక చిన్న బృందం ఏర్పడింది. వారు పెట్టుకున్న లక్ష్యంలో మూడు పదులున్నాయి. 10 మీటర్ల ఎత్తునుంచి పడినా గడియారం చెడకూడదు. 10 బార్ల నీటి ఒత్తిడికి తట్టుకోవాలి. ఒకసారి వేసిన బ్యాటరీ 10 సంవత్సరాలు రావాలి.

పరీక్షించడానికి పెద్ద పరికరాలేమీ లేవు. హమురాలోని పరిశోధన కేంద్రంలో మూడో అంతస్తు మరుగుదొడ్డి కిటికీయే వారి ప్రయోగశాల. కిటికీలోనుంచి గడియారాన్ని వదలడం, కిందికి వెళ్ళి చూడడం, పగిలిన గడియారంతో పైకి రావడం - ఇదే పని. మొదట గడియారం చుట్టూ రబ్బరు చుట్టి చూశారు. పగలకుండా ఉండేంత రబ్బరు చుట్టేసరికి అది పెద్ద బంతి అంత అయింది! దానిని చేతికి కట్టుకునేదెవరు? తరువాత లోపలి యంత్రానికి ఐదు అంచెల రక్షణ కల్పించారు. గడియారం చిన్నదయింది గాని, మరో చిక్కు వచ్చిపడింది. ప్రతిసారీ లోపలి భాగాల్లో ఏదో ఒకటి దెబ్బతినేది. అంకెలు చూపే పలకను గట్టిచేస్తే తీగచుట్ట తెగేది. తీగచుట్టను సరిచేస్తే క్వార్ట్జ్ స్ఫటికం పగిలేది. రెండేళ్ళలో సుమారు 200 నమూనాలు తయారయ్యాయి.

ఇబే నిరాశపడ్డాడు. ఒక వారం గడువు పెట్టుకుని, అప్పటికీ దారి దొరకకపోతే ఉద్యోగం మానుకుందామనుకున్నాడు. ఆ రోజుల్లోనే ఒక ఉద్యానవనంలో కూర్చుని ఉండగా, బంతి ఆడుకుంటున్న చిన్న పాప కనిపించింది. ఆ బంతిని చూస్తుంటే ఆయనకు చిక్కుముడి విడిపోయింది. బంతి నేలను తాకినప్పుడు దెబ్బంతా పై పొరకే తగులుతుంది. బంతి లోపల ఒక వస్తువు తేలుతూ ఉంటే ఆ దెబ్బ దానిదాకా చేరదు. గడియారపు యంత్రాన్ని కూడా తొడుగుకు పూర్తిగా అంటించకుండా, కొన్ని చోట్ల మాత్రమే ఆనేటట్లు, తేలుతున్నట్లు అమర్చాలి. అంతవరకు వారు గోడను మందం చేస్తూ వచ్చారు. కావలసింది గోడ కాదు, కొంచెం ఖాళీ.

1983 ఏప్రిల్‌లో జీ-షాక్ అనే పేరుతో ఆ గడియారం బజారులోకి వచ్చింది. నలుచదరపు ముఖం, దళసరి తొడుగు, బూడిదరంగు పలకమీద నల్లని అంకెలు. పలుచని గడియారాలను ఇష్టపడే ఆ కాలపు జపాన్‌లో దానిని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దాని విలువను ముందుగా గుర్తించింది అమెరికాలో ఒళ్ళువంచి పనిచేసేవారు. తరువాత జపాన్ యువకులూ దానిని ఆదరించారు. 2017 నాటికి జీ-షాక్ గడియారాల సంఖ్య 10 కోట్లకు చేరింది.

2018లో, 35 ఏళ్ళ పండుగకు, ఆ నలుచదరపు గడియారమే లోహపు తొడుగుతో మళ్ళీ వచ్చింది. లోహం దెబ్బను నేరుగా లోపలికి చేరవేస్తుంది. అందుకని తొడుగుకూ లోపలి పెట్టెకూ మధ్య మెత్తని పొర వేశారు. దానికి ఎండే ఆహారం. వెలుతురునుంచి విద్యుత్తు తీసుకుంటుంది. రేడియో సంకేతాలతో వేళను సరిచేసుకుంటుంది. అయితే ఆ సంకేతాలు పంపే ఆరు కేంద్రాల్లో రెండు జపాన్‌లోనూ, తక్కినవి చైనా, అమెరికా, బ్రిటన్, జర్మనీలలోనూ ఉన్నాయి. భారతదేశంలో ఒక్కటీ లేదు. ఇక్కడివారికి అక్కరకు వచ్చేది దానిలోని బ్లూటూత్. దాని ద్వారా గడియారం స్మార్ట్‌ఫోనుతో కలిసి, రోజుకు నాలుగుసార్లు వేళ సరిచూసుకుంటుంది. ఫోను ఎక్కడ పెట్టామో మరచిపోతే, గడియారం మీట నొక్కగానే దగ్గరలో ఉన్న ఫోను మోగుతుంది.

మరి ఫోను ఆగిపోతే? గడియారం ఆగదు. తన స్ఫటికంతో తాను నడుస్తూనే ఉంటుంది. నెలకు 15 సెకన్లకు మించి తేడా రానివ్వదు. ఫోను ఇచ్చే సాయాన్ని తీసుకుంటుందే గాని, ఫోను మీద ఆధారపడి బతకదు. కొత్త నేర్పులు ఎన్ని వచ్చి చేరినా దాని రూపం మారలేదు. కొత్తదాన్ని నేర్చుకోవడానికి పాతదాన్ని పారవేయనక్కరలేదని ఈ గడియారాన్ని చూస్తే తెలుస్తుంది. దెబ్బకు ఓర్చుకోవడమంటే రాయిలా బిగుసుకుపోవడం కాదని కూడా తెలుస్తుంది.